గణిత విదుషీమణి ఓల్గా టౌస్కీ టాడ్

గణితమునందు స్త్రీల ప్రసక్తి వచ్చినపుడు మనవారికి మొదట స్ఫురించు పేరు లీలావతి. అయితే ఆ పేరు భాస్కరాచార్యుని గ్రంథమునకు శీర్షికగా నిలిచినదే కాని, ఆమె స్వయముగా చేసిన లెక్క యొక్కటియు మనకు దక్కలేదు. ఇరువదవ శతాబ్దమున యూరపు ఖండమున పుట్టి, ఇంగ్లండునందును అమెరికాయందును పనిచేసి, లోకమునకు తన లెక్కలనే ఆస్తిగా మిగిల్చిపోయిన ఒక విదుషి చరిత్ర మిచట చదువరులకు విన్నవింపబడుచున్నది. ఆమె పేరు ఓల్గా టౌస్కీ. వివాహానంతరము భర్త యింటిపేరైన టాడ్ దానికి చేరినది.

ఓల్గా 1906వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన ఓల్‌ముట్జ్ నగరమున జన్మించెను. ఆ నగర మప్పుడు ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యములోనిది. తరువాత చెక్ దేశమున చేరి ఓలొమోట్స్ అను పేర పిలువబడుచున్నది. తండ్రి జూలియస్ టౌస్కీ రసాయనశాస్త్రజ్ఞుడు. పరిశ్రమలలో పనిచేయుచునే పత్రికలకు వ్రాయుచుండువాడు. వారిది యూదు కుటుంబము. ముగ్గురు ఆడుబిడ్డలలో ఓల్గా నడిమిది. ఆమెకు మూడేండ్ల ప్రాయమున కుటుంబము వియన్నాకును, మొదటి ప్రపంచ యుద్ధము నడుమ లింట్స్ పట్టణమునకును తరలిపోయెను. లింట్సులో తండ్రి వినెగరు కర్మాగారమునకు అధికారిగా నుండెను.

పులుపు వేర్వేరుగా నున్న వినెగరులను కలిపి, అందు చట్టము విధించిన పులుపు వచ్చునట్లు ఎంత నీరు చేర్చవలెనో తేల్చుట ఆ కర్మాగారమున నిత్యము పడు చిక్కు. తండ్రి యీ పనిని కూతున కప్పగించెను. లీలావతీ గణితమున మిశ్రవ్యవహారమను ప్రకరణమందు వన్నె వేరైన బంగారములను కలుపు లెక్కలు చేసినవారికి ఇది క్రొత్తగా తోచదు. ఓల్గా ప్రతిమారును క్రొత్తగా లెక్క వేయుట మాని, చూచినంతనే జవాబు దొరకునట్లు ఒక పట్టీ తయారుచేసి యిచ్చెను. అడ్డువరుసలు, నిలువువరుసలు, గళ్లలో అంకెలు: అట్టి పట్టీలతోనే తన జీవితము గడచునని ఆ బాలిక అప్పుడెరుగదు.

పాఠశాల చదువు చివరి సంవత్సరమున తండ్రి మరణించెను. ఇల్లు గడచుట కష్టమాయెను. ఓల్గా పిల్లలకు పాఠములు చెప్పియు, కర్మాగారమున పనిచేసియు నాలుగు రాళ్లు సంపాదించి, 1925లో వియన్నా విశ్వవిద్యాలయమున చేరెను. అచట ఆమెకు గురువు ఫిలిప్ ఫుర్ట్‌వేంగ్లర్. ఆయన పక్షవాతముచే నడువజాలని వాడు. ఆసీనుడై పాఠము చెప్పుచుండగా, వేరొకరు నల్లబల్లపై వ్రాయుచుండెడివారు. అట్టి గురువునొద్ద సంఖ్యాశాస్త్రమున మిక్కిలి కఠినమైన భాగము నెన్నుకొని, 1930లో డాక్టరు పట్టమందెను. తర్కశాస్త్రమున తరువాత జగత్ప్రసిద్ధుడైన కుర్ట్ గోడెల్ ఆమెకు సహాధ్యాయి, మిత్రుడు.

మరుసటి సంవత్సరము జర్మనీలోని గోటింజెన్ విశ్వవిద్యాలయమునుండి పిలుపు వచ్చెను. డేవిడ్ హిల్బర్టు ఆ కాలపు గణితజ్ఞులలో అగ్రగణ్యుడు. ఆయన సంఖ్యాశాస్త్ర రచనలను సంపుటముగా ప్రకటించుటకై పరిష్కరించు భారము ఓల్గాకును, ఆమెతోబాటు మరి యిద్దరు యువకులకును అప్పగింపబడెను. పరిష్కరించుచుండగా తప్పు లనేకములు బయటపడినవి. కొన్ని వ్రాతతప్పులు, కొన్ని నిజమైన తప్పులు. ఎంతటి ఘనుని పద్దులైనను తనిఖీ లేక చెల్లవు గదా! ఆ సంపుటము 1932 జనవరిలో హిల్బర్టు సప్తతి జన్మదినమునకు సిద్ధమై ఆయన చేతికందెను. గోటింజెనులోనే ఎమ్మీ నోథర్ అను మహావిదుషితో ఓల్గాకు పరిచయము కలిగినది.

అయితే జర్మనీలో యూదులకు కాలము చెడుచుండెను. వియన్నాకు వెళ్లిన ఓల్గాను, గోటింజెనుకు మరల రావలదని అచటి ఆచార్యుడు కూరంట్ హెచ్చరించెను. వియన్నాలో చేతినిండ పని కలదు కాని జీతము లేదు. ఆచార్యులు హాన్, మెంగర్ అనువారలు నగర ప్రజలకు గణితోపన్యాసము లేర్పాటు చేసి, ప్రవేశ రుసుముగా వచ్చిన సొమ్ముతో ఆమెకు చిన్న జీతము సమకూర్చిరి. చందాలతో గ్రంథాలయము నడుపువారు ఈ ఉపాయమును మెచ్చుకొనకపోరు. 1934లో అమెరికాలోని బ్రిన్ మార్ అను స్త్రీల కళాశాలకు వెళ్లెను. జర్మనీనుండి వెళ్లగొట్టబడిన నోథర్ అప్పటికే అచటనుండెను. నోథర్ వారమువారమును ప్రిన్స్‌టనులో ఉపన్యసించుటకు రైలులో పోవునపుడు ఓల్గా వెంటనుండెడిది. 1935 ఏప్రిలులో నోథర్ హఠాత్తుగా మరణించెను. ఆ సంవత్సరమే ఓల్గా ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలో పరిశోధకురాలుగా నిలిచెను.

ఇంగ్లండులో ఒక ఉద్యోగమునకై ఆమె పరీక్షకుల యెదుట నిలిచినప్పటి సంగతి యొకటి చెప్పదగినది. ఇతరులతో కలిసి వ్రాసిన వ్యాసములలో ఆమె పెద్ద భాగస్వామియా, చిన్న భాగస్వామియా యని వారిలో నొకరు ప్రశ్నించిరట. సభలోనున్న హార్డీ పండితుడు, మన రామానుజనును లోకమునకు పరిచయము చేసిన ఆ హార్డీయే, అది అడుగదగని ప్రశ్న యనియు, జవాబు చెప్పనక్కరలేదనియు అడ్డుపడెను. మగవారి నెవరిని ఆ ప్రశ్న అడిగియుండరని వేరుగ చెప్పనేల?

1937లో లండను విశ్వవిద్యాలయమునకు చెందిన వెస్ట్‌ఫీల్డ్ కళాశాలలో ఉపాధ్యాయినిగా చేరెను. లండనులోనే గణితోపాధ్యాయుడైన జాన్ టాడ్ అను ఐర్లండు యువకుడు ఏదో లెక్కలో సాయము కోరి వచ్చి, 1938 సెప్టెంబరులో ఆమెను వివాహమాడెను. మరుసటి యేడు యుద్ధము వచ్చినది. ఆ యుద్ధకాలమున ఆ దంపతులు 18 మారులు ఇల్లు మారిరని చెప్పుదురు. కళాశాల ఆక్స్‌ఫర్డునకు తరలగా ఓల్గాయు వెంట నడచి, అచట హన్నా నోయమన్ అను శరణార్థిని చేయు పరిశోధనకు మార్గదర్శినియై నిలిచెను. ఆ హన్నాయు పిమ్మట పేరుగాంచిన గణితజ్ఞురా లాయెను.

ఓల్గా చరిత్రము మలుపు తిరిగినది 1943లో. లండను సమీపమున టెడింగ్టనునందలి జాతీయ భౌతిక ప్రయోగశాలలో, విమాన నిర్మాణ శాఖ తరపున, ఆర్. ఏ. ఫ్రేజరు నాయకత్వము క్రింద నున్న బృందమున ఆమె చేరెను. విమాన మొకానొక వేగమును మించి పోవునపుడు దాని రెక్కలు గాలి తాకిడికి వణకనారంభించును. ఆ వణకు తనంత తానణగినచో భయము లేదు. అణగక క్షణక్షణమునకు పెరిగినచో రెక్క విరిగి విమానము కూలును. ఏ వేగము వరకు నిర్భయమో విమానము గాలిలోనికి లేవకమునుపే లెక్కగట్టి చెప్పవలెను. చోదకుల ప్రాణములు ఆ లెక్కపై ఆధారపడియుండెను. ఆ లెక్కలన్నియు మాత్రికలతో చేయవలసినవి. యుద్ధసేవకు పిలువబడిన యువతులు పెక్కుమంది చేతితో త్రిప్పు యంత్రములను ముందిడుకొని దినమంతయు గుణించుచు, కూడుచు నుండెడివారు.

మాత్రిక యనగా నేమి? అడ్డువరుసలను నిలువువరుసలను సమసంఖ్యలో గీచి, గళ్లలో అంకెలు నింపిన పట్టీ యనుకొనవచ్చును. ఒకడు అంగడిలో రెండు సేర్ల బియ్యమును ఒక సేరు పప్పును కొని 5 రూపాయలు చెల్లించెననుకొందము. వేరొకడు ఒక సేరు బియ్యమును మూడు సేర్ల పప్పును కొని అతడును 5 రూపాయలే చెల్లించెను. ధరలు తేల్చవచ్చునా? బియ్యము సేరు 2 రూపాయలు, పప్పు సేరు 1 రూపాయ. వేరు జవాబునకు చోటు లేదు. అట్లుగాక రెండవవాడు నాలుగు సేర్ల బియ్యమును రెండు సేర్ల పప్పును కొని 10 రూపాయలు చెల్లించినచో, అది మొదటి పద్దునే రెట్టించి వ్రాసినట్లగును గాని క్రొత్త సంగతి నొక్కటియు తెలుపదు. ఎంత తల బ్రద్దలు కొట్టుకొనినను ధర తేలదు. జవాబు నిశ్చయముగా తేల్చు పట్టీని సాధారణ మాత్రిక యనియు, తేల్చని దానిని అసాధారణ మాత్రిక యనియు గణితజ్ఞులు పిలుతురు.

పట్టీ యేజాతిదో తెలిసికొనుటకు నిర్ధారకమను సంఖ్యను గట్టి చూడవలెను. అది సున్న యైనచో మాత్రిక అసాధారణము. రెండు వరుసల పట్టీకి ఇది నోటిలెక్క. ఆరు వరుసల దానికి నిర్ధారకమును పూర్తిగా విప్పి వ్రాసినచో 720 పదములగును. పది వరుసలకు 36 లక్షలు దాటును. దగ్గరి దారు లున్నమాట నిజమే కాని అవియు శ్రమతో కూడినవే. అదిగాక, అంకెలు కొలతలవలన వచ్చినవైనచో చిన్న పొరపాటు కూడ సున్నను సున్న కానిదానిగా చూపగలదు. అందుచేత నిర్ధారకమును గట్టకయే, పట్టీని చూచినంతమాత్రమున ఇది సాధారణమని చెప్పగల గురుతేదైన నున్నదా యను ప్రశ్న పుట్టినది.

ఉన్నది. పట్టీకి ఎడమచేతి పై మూలనుండి కుడిచేతి క్రింది మూలకు గీత గీచినచో, ఆ గీతపై ప్రతి వరుసకు ఒక్కొక్క అంకె పడును. దీనిని వికర్ణమందురు. ప్రతి వరుసలోను వికర్ణముపై నున్న అంకె, ఆ వరుసలోని తక్కిన అంకెల మొత్తమునకు మించియున్నచో, ఆ మాత్రిక తప్పక సాధారణమే. బియ్యము పప్పుల మొదటి పట్టీలో మొదటి వరుసన 2 ఒకటికి మించినది. రెండవ వరుసన 3 ఒకటికి మించినది. రెట్టింపు పద్దులో వికర్ణముపై నున్నది 2, దాని ప్రక్కనున్నది 4. కనుక ఆ పట్టీ ఈ పరీక్షకు నిలువలేదు. ఒక మెలకువ అవసరము. పరీక్షకు నిలిచినది సాధారణమే గాని, నిలువనిదెల్ల అసాధారణము కానక్కరలేదు. ఒకటి, రెండు ఒక వరుసగాను, మూడు, ఒకటి వేరొక వరుసగాను గల పట్టీ పరీక్షలో తప్పినను సాధారణమే.

ఈ గురుతునకు ఉపపత్తియు సులభము. మాత్రిక అసాధారణమైనచో, అన్నియు సున్నలు కాని కొన్ని సంఖ్యలచే వరుసవరుసలోని అంకెలను క్రమముగా గుణించి కూడగా ప్రతి వరుసయు సున్న కావలసియుండును. ఆ గుణకములలో మిక్కిలి పెద్దది యేదో, దానికి సంబంధించిన వరుసను చూడుడు. అచట వికర్ణముపై నున్న పెద్ద అంకెకు పెద్ద గుణకము తోడైనది. తక్కిన అంకెలన్నియు కలిసినను దానికంటె తక్కువ. వాని గుణకములును దీనిని మించినవి కావు. త్రాసున ఒక తట్టలో ఆ యొక్కదానిని ఉంచి, రెండవ తట్టలో తక్కినవాని నెల్ల కుప్పపోసినను ముల్లు సరితూగదు. సరితూగనిచో మొత్తము సున్న ఎట్లగును?

విమానపు లెక్కలలోని అంకెలు సామాన్యమైనవి కావు, సంకీర్ణ సంఖ్యలు. సంకీర్ణ సంఖ్యకు పరిమాణమే గాక దిక్కు కూడ కలదు. కాగితముపై గీచిన బాణము వంటిదని తలపవచ్చును. పైన చెప్పిన వాదమున బాణముల పొడవులే కావలెను, దిక్కు లెటు తిరిగినను చిక్కు లేదు. కనుక సంకీర్ణ మాత్రికలకును ఈ గురుతు అట్లే చెల్లును.

వణకు సంగతికి వత్తము. మాత్రికకు లాక్షణిక మూలములని కొన్ని సంకీర్ణ సంఖ్య లుండును. వికర్ణమందలి అంకెలనుండి ఒకే సంఖ్యను తీసివేయగా మాత్రిక అసాధారణ మైపోయినచో, ఆ తీసివేసిన సంఖ్య లాక్షణిక మూలము. రెక్కల లెక్కలో ప్రతి మూలమునకు రెండు పాళ్లు. ఒక పాలు వణకు ఎంత వడిగా ఊగునో చెప్పును. రెండవ పాలు అది అణగునో, పెరుగునో చెప్పును. మూలములన్నియు సున్నకు ఎడమవైపున పడినచో విమానము క్షేమము. లెనిన్‌గ్రాడులో సెమ్యోన్ గెర్ష్‌గోరిన్ అను యువకుడు 1931లో పై గురుతునే త్రిప్పి చెప్పెను: వికర్ణముపై నున్న ఒక్కొక్క అంకెను కేంద్రముగా గొని, ఆ వరుసలోని తక్కిన పొడవుల మొత్తమును వ్యాసార్ధముగా గొని చక్రములు గీచినచో, లాక్షణిక మూలము లన్నియు ఆ చక్రములలోనే పడితీరును. ఎట్లనగా, చక్రములన్నిటికి వెలుపలి సంఖ్యను తీసివేసినచో వికర్ణము పెద్దదిగనే యుండి మాత్రిక సాధారణముగనే నిలుచును. ఈ చక్రములు లోకప్రసిద్ధి చెందకముందే, 1933లో, 32 ఏండ్లు నిండకయే గెర్ష్‌గోరిన్ మరణించెను.

టెడింగ్టనులో ఓల్గా ఈ చక్రములను ఆరు వరుసల మాత్రికలకు ప్రయోగించెను. చక్రములు పెద్దవై ఒకదానిపై నొకటి పడినచో వానివలన తెలియునది స్వల్పము. అందుచేత ఒక అడ్డువరుసను ఒక సంఖ్యచే గుణించి, దానికి జతయైన నిలువువరుసను అదే సంఖ్యచే భాగించుచు వచ్చెను. ఇట్లు చేయుటవలన మూలములు మారవు గాని చక్రములు కుదించుకొనిపోవును. యంత్రములయొద్ద కూర్చున్న యువతుల శ్రమ దీనివలన మిక్కిలి తగ్గినది. ఓల్గాకు అంతవరకు మాత్రికలు కేవలము ఉపకరణములు, ప్రాణము సంఖ్యాశాస్త్రమునందు. ఈ పనిలో దిగిన పిమ్మట మాత్రికలయందలి సొగసు ఆమెకు కన్పించినది. సంఖ్యాశాస్త్రమును విడువలేదు, పూర్ణాంకముల మాత్రికలను పరిశోధించి రెండింటిని ఒకచోట చేర్చెను.

యుద్ధానంతరము ఆమె చేసిన పనిలో చిన్నదియు, ఎన్నదగినదియు నగు వ్యాసము 1949లో అమెరికన్ మాథమెటికల్ మంత్‌లీ అను పత్రికయందు వెలువడెను. నిర్ధారకములను గూర్చి మరల మరల తలయెత్తు సిద్ధాంతమని దానికి పేరు. వికర్ణపు గురుతును 1881లో ఫ్రాన్సు దేశీయుడైన లెవీ కొంతమేరకు కనుగొనెను. 1887లో డెప్లాంక్ విస్తరించెను. 1900లో మింకోవ్‌స్కీ కనుగొనెను. 1903లో హడమార్ తరంగములను గూర్చిన గ్రంథములో చెప్పెను. తరువాతను పెక్కుమంది ఎవరికి వారే క్రొత్తదనుకొని ప్రకటించుచు వచ్చిరి. ఒకే భూమికి నలుగురు నాలుగు పట్టాలు పుట్టించుకొన్నట్లుండెను వ్యవహారము! ఓల్గా ఆ పత్రములన్నిటిని వెదకి తీసి, ఎవరు ఏ సంవత్సరమున ఎంతమేరకు చెప్పిరో క్రమముగా వ్రాసి, ఎవరి హక్కును వారికి దక్కించెను. ఆ వ్యాసము వెలువడిన పిమ్మట ఈ సిద్ధాంతమును మరల కనుగొను శ్రమ లోకమునకు తప్పినది.

ఊరక పట్టిక వ్రాసి విడువలేదు. తన వంతు తాను చేర్చెను. వికర్ణపు అంకె తక్కినవాని మొత్తమునకు మించక, సరిసమానముగ నున్నచో నేమగును? అన్ని వరుసలును సమానమైనచో గురుతు చెడవచ్చును. అన్ని గళ్లలోను ఒకటే అంకె గల రెండు వరుసల పట్టీ అసాధారణమే గదా. ఒక్క వరుసలోనైన వికర్ణము నిజముగ మించి, తక్కిన వరుసలలో సమానమైన చాలునని ఓల్గా చూపెను. అయితే ఒక నియమము కలదు: పట్టీ విడిపోవునది కారాదు. చెరువు క్రింద పొలములన్నియు కాలువలతో ఒకదానికొకటి కలిసియున్నచో, ఒక మడిలో మిగిలిన నీరు అన్నిటికి అందును. నడుమ గట్టు అడ్డమైనచో ఈ మడిలోని నిండుదనము ఆవలి మడులకు పనికిరాదు. అట్లే వరుసలను వర్గములుగా విడదీయ వీలులేని మాత్రికలో ఒక వరుస బలమే అన్ని వరుసలను కాపాడును. సంకీర్ణ మాత్రిక సాధారణమగుటకు ఇంత స్వల్పమైన షరతు చాలునని తేలుట లెక్కలు చేయువారికి గొప్ప ఉపకారము.

1947లో దంపతులు అమెరికా ప్రభుత్వపు జాతీయ ప్రమాణముల సంస్థ పిలుపుపై అచటికి వెళ్లిరి. కొంతకాలము లాస్ ఏంజిలసులోను, ఆపైన వాషింగ్టనులోను పనిచేసిరి. క్రొత్తగా వచ్చుచున్న విద్యుత్ గణకయంత్రములకు మాత్రికల లెక్కలే ముఖ్యాహారము. 1957లో కాలిఫోర్నియాలోని పసడీనా నగరమునందలి సుప్రసిద్ధ సాంకేతిక విద్యాలయము, కాల్టెక్, ఇద్దరిని ఆహ్వానించెను. భర్తకు ఆచార్య పదవి నిచ్చిరి. భార్యకు పరిశోధన సహచరి యను పేరు పెట్టిరి. పాఠము చెప్పుటకు అనుమతి కలదు, విధి లేదు. అప్పటికి ఆమె వయస్సు 51. యూరపు అమెరికాలలో ఆమె నెరుగని మాత్రికా పండితుడు లేడు. అయినను ఆమె పిలిచి పాఠము చెప్పెను, విద్యార్థులను చేరదీసెను, ఆమె దిద్దిన పరిశోధకులు పలువురు డాక్టరు పట్టములందిరి. 1963లో లాస్ ఏంజిలస్ టైమ్స్ పత్రిక ఆమెను ఆ సంవత్సరపు మహిళగా ఎన్నిక చేసెను. పిమ్మట 1978లో స్వదేశమైన ఆస్ట్రియా గౌరవ పతకము నొసగెను. 1963 నాటికి ఆచార్య పదవి మాత్రము రాలేదు.

1969లో ఆ విద్యాలయము వేరొక విభాగమున ఒక యువతిని సహాయాచార్యినిగా నియమించినపుడు, బోధకవర్గమున మొదటి స్త్రీ ఆమెయే యని పత్రికలు వ్రాసినవి. పండ్రెండేండ్లుగా అచటనే బోధించుచున్న ఓల్గా దానిని చదివి ఊరకుండలేదు. అధికారులయొద్దకు పోయి తన సంగతి యేమని అడిగెను. 1971లో ఆమెను పూర్ణాచార్య పదవికి నియమించిరి. ఆ విద్యాలయమున ఆ పదవి నందిన మొదటి స్త్రీ ఓల్గాయే. అప్పటి కామె కేండ్లు 65. పదవీ విరమణకు మిగిలినవి ఆరే. లెవీ మొదలు గెర్ష్‌గోరిన్ వరకు అందరి హక్కులను పత్రములు తిరుగవేసి నిలిపిన యామె తన హక్కును తానే వెళ్లి అడుగవలసివచ్చినది!

1977లో విరమించిన పిదపను వ్రాయుట మానలేదు. జీవితమున ఆమె వ్రాసిన వ్యాసములు రమారమి 300. 1995 అక్టోబరు 7వ తేదీన పసడీనాలో, 89వ యేట కన్నుమూసెను. భర్త జాన్ టాడ్ 2007 వరకు జీవించి, 96వ యేట గతించెను. వారికి సంతానము లేదు. అంతర్జాతీయ రేఖీయ బీజగణిత సంఘమువారు ఆ యిద్దరి పేర్లను కలిపి, ఉపన్యాసములు నెలకొల్పిరి.